సంగం జీపు లాగేదానికా, పరుగెత్తేదానికా?



రాబోయే మహాసభ కాగితంలో నాలుగో తీర్మానం చదివినారా? ‘సంగం జీపుకు క్రౌన్ పినియన్ మార్చి, 31 అంగుళాల టైర్లు వేసి, హైవే ప్రయాణానికి తగినట్టు చేయడం.’ ఒకటిన్నర లైను. దాని కింద ఖర్చు, దాని కింద ప్రతిపాదించినవారి సంతకాలు. జీపు ఇప్పుడు చేస్తా ఉండే పని గురించి మాత్రం అందులో ఒక్క మాట లేదు.

ఈ తీర్మానాన్ని మేము ఎదిరిస్తా ఉన్నాము. మేము అంటే ఒక్కరి మాట కాదు, పెరటాసి శనివారాల్లో ఆ జీపు వెనక నడిచే మా వయసువాళ్లందరి మాట. మేము తమిళంలో చదివినవాళ్లం, తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరినాక నేర్చుకున్నవాళ్లం. మెకానిక్కులు వాడే మాటలే రాస్తాము. లెక్క కొంచెం ఎక్కువే ఉంటాది. ఈ విషయంలో లెక్క లేకుండా మాట్లాడేవాళ్ల వల్లే ఈ తీర్మానం ఇంతదూరం వచ్చింది.

మన జీపు ఏం చేస్తాదో కోయంబత్తూరు టౌనులో ఉండే సభ్యులకు తెలియకపోవచ్చు. పెరటాసి నెలంతా ప్రతి శనివారం పెరియనాయక్కన్‌పాళయం నుంచి పాలమలై రంగనాథస్వామి కొండకు అన్నదానం గుండాలు, బియ్యం మూటలు, మజ్జిగ డ్రమ్ములు ట్రైలరులో వేసుకొని ఎక్కుతాది. చిత్తిర, వైగాసి నెలల్లో 800 లీటర్ల ట్యాంకు కట్టుకొని కొండ కింది ఊళ్లకు నీళ్లు తీసుకుపోతాది. మాసిలో కారమడై తేరుకు పందిరి సామాను. వానాకాలంలో మట్టిదారి బురదైతే కాన్పు నొప్పులతో ఉండే ఆడపిల్లని కిందికి తెచ్చింది కూడా ఈ బండే, అది అందరికీ తెలిసిందే. ఇంక హైవే ఎక్కేది ఎన్నిసార్లు? తిరుపతి యాత్రకు ఏడాదికి ఒకసారి, పెళ్లికో పేరంటానికో సేలం దాకా ఒకటి రెండుసార్లు. ఆ మూడు ప్రయాణాల కోసం మిగతా ఏడాది పనిని చెడగొట్టమని ఈ తీర్మానం అడుగుతా ఉండాది.

అబ్బాయిలు చెప్పేదాంట్లో నిజమే లేదని మేము అనము. మన జీపు వెనక జాయింటులో ఉండేది పాత విల్లీస్ కాలం నాటి నిష్పత్తి, 5.38. పినియన్‌కు 8 పళ్లు, క్రౌన్‌కు 43 పళ్లు. చక్రం ఒక్క చుట్టు తిరగాలంటే షాఫ్టు 5.38 చుట్లు తిరగాలి. మన టైరు ఎత్తు 28 అంగుళాలు. టాపు గేరులో ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగితే బండి పోయేది గంటకు 75 కిలోమీటర్లు, అంతే. అవినాశి దాటి ఆరు వరసల రోడ్డు మీద లారీలు కూడా మనల్ని దాటి పోతా ఉంటాయి. లోపల కూర్చున్నవాళ్లకు చెవులు దిబ్బడ, నడుము నొప్పి, డీసెలు ఖర్చు. ఇదంతా మేమూ అనుభవించినదే, తిరుపతికి మేమూ అందులోనే కూర్చొని పోయినాము.

దానికి వాళ్లు కనిపెట్టిన మందు 3.73 క్రౌన్ పినియన్. 11 పళ్లకు 41 పళ్లు. అదే 3000 చుట్లకు అదే టైరు మీద 108 కిలోమీటర్లు వస్తాది. 31 అంగుళాల టైరు కూడా వేస్తే 119. కాగితం మీద చాలా అందంగా ఉండాది. మేము అడిగేది ఒక్కటే. ఆ వేగం ఎక్కడినుంచి వచ్చింది? ఇంజను మారలేదు. దాని గుర్రాలు పెరగలేదు. చక్రానికి చేరే లాగుడు నుంచి కోసి తెచ్చినారు.

ఎంత కోసినారు? 3.73ను 5.38తో భాగించండి. 0.69 వస్తాది. అంటే నూటికి 31 పాళ్ల లాగుడు పోయింది. టైరు పెద్దదైతే ఇంకొంచెం పోతాది, రెండూ కలిపితే 37 పాళ్లు. గేరు సైకిలు తొక్కే మనవడిని పిలిచి అడగండి, మేడెక్కే రోడ్డులో చైను ఏ పళ్లమీదికి మారుస్తాడో వాడే చెప్తాడు.

ఇక్కడ మా రైల్వే సంగతి ఒకటి చెప్పాలి. ముప్పై ఏళ్లకు పైన ఈరోడ్ షెడ్డు ఆఫీసులో రిజిస్టర్లు రాసినవాళ్లం కాబట్టి చెప్పే హక్కు ఉండాదనుకుంటాము. వ్యాగ్-9 అనే గూడ్సు ఇంజను ఉండాది. వ్యాప్-7 అనే ప్యాసింజరు ఇంజను ఉండాది. రెండూ చిత్తరంజన్‌లో పుట్టిన అన్నదమ్ములు. రెండింటి బరువూ 123 టన్నులు, రెండింటికీ ఆరు మోటార్లు, రెండింటి శక్తీ ఆరువేల హార్స్ పవరుకు పైనే. వ్యాగ్-9లో గేరు 15 పళ్లకు 77, అంటే 5.13. వ్యాప్-7లో 20 పళ్లకు 72, అంటే 3.6. ముఖ్యమైన తేడా అదే. దాని ఫలితం ఏమిటంటే, వ్యాగ్-9 బయలుదేరేటప్పుడు 460 కిలోన్యూటన్లు లాగుతాది, మా లెక్కలో సుమారు 47 టన్నులు. వ్యాప్-7 లాగేది 323, అంటే 33 టన్నులు. మొదటిదాని వేగం 100, రెండోదాని వేగం 140.

మన అబ్బాయిలు జీపుకు చేయాలనుకునేది అచ్చంగా ఇదే. నూటికి ముప్పై పాళ్ల లాగుడు అమ్మి నలభై పాళ్ల వేగం కొనడం. రైల్వే ఈ బేరం చేసింది, నిజమే. కానీ రైల్వే రెండు ఇంజన్లు కట్టింది. బొగ్గు లాగేదానికి ఒకటి, ఎక్స్‌ప్రెస్సుకు ఒకటి. ఉండే ఒక్క గూడ్సు ఇంజనుకు గేరు మార్చేసి, బొగ్గు ఎవరు లాగుతారో తరువాత చూద్దాము అని చెప్పలేదు. మనకు ఉండేది ఒకే జీపు.

‘ఫోర్ వీల్ లో ఉండాది కదా మామా, కొండకు అది వేసుకుంటాము’ అని ఒక తమ్ముడు మాకు జవాబు చెప్పినాడు. తెలివైన పిల్లవాడు, ఇంజనీరింగు చదివినాడు. అయితే మన జీపులో ముందర యాక్సిలు కలపకుండా లో పడదు. ముందర వెనక రెండూ కలిపి బిగిసినాక, మలుపులో ముందర చక్రాలు ఒక దూరం పోతాయి, వెనక చక్రాలు ఇంకో దూరం పోతాయి. మట్టిలో, బురదలో అయితే చక్రం కొంచెం జారి ఆ తేడాని సర్దుకుంటాది. ఎండిన తారురోడ్డు మీద జారదు. ఆ బిగువంతా షాఫ్టుల్లోకీ ట్రాన్స్‌ఫర్ పెట్టెలోకీ ఎక్కి, స్టీరింగు తిరగక, చివరికి ఏదో ఒక జాయింటు పగులుతాది. మన కొండదారులు ఈరోజు చాలావరకు తారురోడ్లే. ఎక్కుడులో ట్రైలరుతో మీకు అక్కరకు వచ్చేది రెండు చక్రాల మొదటి గేరు, రెండో గేరు మాత్రమే. ఆ రెండింటినే ఈ తీర్మానం బలహీనం చేస్తాది.

కొండ మాత్రం మన తీర్మానాలు చదవదు. జీపు, ట్రైలరు, నీళ్లు, మనుషులు కలిపి మూడు టన్నులు అనుకోండి. 12 అడుగులకు ఒక అడుగు లేచే ఎక్కుడులో ఆ మూడు టన్నులను కిందికి లాగే బలం 250 కిలోలు. మీరు ఏ గేరు వేసినా ఆ 250 తగ్గదు. మన మేట్టుపాళయం రైలు కల్లార్ నుంచి కున్నూరు దాకా ఎక్కేది దాదాపు అంతే ఎక్కుడు. 1899లో ఆ దారి వేసినవాళ్లు ఏం చేసినారు? పట్టాల మధ్య పళ్లపట్టీ వేసి, గంటకు 13 కిలోమీటర్ల వేగానికి ఒప్పుకున్నారు. ఇప్పటికీ ఆ పళ్లదారిలో అంతే వేగం. ఎవరూ దాన్ని వందలో పొమ్మని అడగలేదు. ఇప్పుడు రెండో గేరులో ఎక్కే చోట 3.73తో మొదటి గేరు వేయాలి. ఇప్పుడు మొదటి గేరు వేసే చోట క్లచ్చును సగం తొక్కి పట్టుకొని ఎక్కాలి. పాలమలై మలుపులో ముందర వచ్చే బండికి దారి ఇచ్చి నిలబడి, మళ్లీ బయలుదేరేటప్పుడు క్లచ్చు ప్లేటు కాలిన వాసన వస్తాది. రివర్సు గేరుకు కూడా ఇదే గతి. ట్రైలరును వెనక్కి తీసేటప్పుడు బండి ఎంత మెల్లగా కదిలితే అంత మంచిది. ఎత్తు గేరుతో అది కప్పలాగా దూకుతాది.

ఇదంతా ఎక్కుడు సంగతి. మాకు అసలు భయం దిగుడు గురించి. బండి దిగేటప్పుడు పట్టేది బ్రేకు ఒక్కటే కాదు, ఇంజను కూడా పడతాది. యాక్సిలరేటరు మీద కాలు తీసేస్తే ఇంజను చక్రాన్ని వెనక్కి పట్టుకుంటాది. ఆ పట్టు కూడా ఇదే 5.38తో పెరిగి చక్రానికి చేరుతాది. 3.73 చేస్తే ఆ పట్టులోనూ 31 పాళ్లు పోతాయి. మన ట్రైలరుకు సొంత బ్రేకు లేదు. టన్నుకు పైన బరువు వెనకనుంచి తోస్తా ఉంటాది. జీపుకు ఉండేది నాలుగు డ్రమ్ము బ్రేకులు. వరసగా తొక్కితే డ్రమ్ము వేడెక్కి పెడలు కిందికి పోతాది కానీ బండి ఆగదు. ఊటీ నుంచి మసినగుడికి దిగే కల్హట్టి రోడ్డులో 36 కొండైఊసి మలుపులు. అక్కడ రెండో గేరు దాటొద్దని ఎందుకు చెప్తారు, బయటి బండ్లను దిగనివ్వకుండా ఎందుకు ఆపినారు? బ్రేకును నమ్ముకొని దిగినవాళ్లు ఎంతమంది ఆ లోయలో పడినారో పేపరు చదివేవాళ్లందరికీ తెలుసు. పెద్ద టైరు ఈ కథను ఇంకా చెడగొడతాది. చక్రం ఎత్తు పెరిగేకొద్దీ అదే డ్రమ్ముకు ఆపే బలం తగ్గుతాది.

(ఒక మాట, ఇది తీర్మానంలో లేకపోయినా చెప్తాము. పోయిన ఏడాది పెరటాసి మూడో శనివారం గుండాలతో పాటు ట్రైలరులో పిల్లలను కూర్చోబెట్టుకొని దిగినారు. ఎవరు కూర్చోబెట్టినారో మాకు తెలుసు. గేరు ఏదైనా సరే, ఈ ఏడాది అది జరిగితే ట్రైలరు కొక్కెం మేమే తీసి ఇంట్లో పెట్టుకుంటాము.)

ఇంకొకటి ఎవరూ ఆలోచించినట్టు లేదు. స్పీడు ముల్లు కేబులు ట్రాన్స్‌ఫర్ పెట్టె నుంచి వస్తాది, అంటే క్రౌన్ పినియన్‌కు ముందే. వెనక ఏం మార్చినారో ఆ ముల్లుకు తెలియదు. 3.73 వేసినాక ముల్లు 60 చూపిస్తే బండి నిజంగా పోయేది 86. పెద్ద టైరుతో 95కు పైన. మన డ్రైవరు చూపు సరిగ్గా ముల్లు మీదనే ఉంటాది, మనసు మాత్రం 60లో ఉంటాది. తిరుపతి దారిలో ఆడవాళ్లు, పిల్లలు వెనక నిద్రపోతా ఉంటారు.

పైగా ఆ వందను ఇంజను నిజంగా మోస్తాదా? జీపు మూతి గోడలాగా ఉంటాది. గాలిని తోసుకుపోయే శక్తి వేగం పెరిగినట్టు పెరగదు, దాని ఘనం లెక్కన పెరుగుతాది. 75 నుంచి 100కు పోతే గాలికే రెండింతలకు పైన శక్తి కావాలి. మన పాత డీసెలు ఇంజనుకు అంత ఊపిరి లేదు. కాబట్టి చిన్న వంతెన ఎక్కుడు వచ్చినా టాపు నుంచి మూడుకు దిగాలి. టాపు గేరు ఉన్నట్టే ఉంటాది, వాడేదానికి రాదు. మిగిలేది ఖర్చు.

ఆ ఖర్చు కూడా కాగితంలో రాసినంత కాదు. 5.38 తీసి 3.73 వేసేదానికి క్రౌన్, పినియన్ మాత్రం చాలవు. పాత డానా 44 జాయింటులో 3.73 వరకు ఒక డిఫరెన్షియల్ కేసు, 3.92 నుంచి పైకి వేరే కేసు. అదీ కొనాలి. షిమ్ము వేసి, పళ్లకు రంగు పూసి, పన్ను మీద పన్ను ఎక్కడ పడతా ఉండాదో చూసి బిగించే చెయ్యి కావాలి. ఆ చెయ్యి ఉండే మేస్త్రీలు తగ్గిపోయినారు. అది తప్పితే వెయ్యి కిలోమీటర్లలో జాయింటు కూయడం మొదలు పెడతాది. ముందర యాక్సిలుకు కూడా సరిగ్గా అదే నిష్పత్తి దొరకాలి. దొరకకపోతే? ‘ముందర షాఫ్టు తీసి పక్కన పెడదాము, మనం ఫోర్ వీల్ ఎప్పుడో గాని వేయము కదా’ అని ఒకరు అన్నారట. అప్పుడు దాన్ని ఫోర్ వీల్ జీపు అని పిలిచేది ఎందుకు? బురదలో కాన్పు మనిషిని ఎత్తుకొచ్చేది ఏ నాలుగు చక్రాలతో? మా వీధిలో ఒకరి బండికి వెనక మాత్రమే మార్చి ముందరది అట్లే వదిలేసినారు ఒక వర్క్‌షాపువాళ్లు. వాన రోజు మట్టిలో ఫోర్ వీల్ వేసినాడు, ముందర చక్రాలు ఒక లెక్కలో, వెనకవి ఇంకో లెక్కలో తిరిగి ట్రాన్స్‌ఫర్ పెట్టె పగిలింది.

ఇప్పుడు మా వయసువాళ్లతో కూడా ఒక తగాదా ఉండాది. ‘కంపెనీ ఇచ్చినది కంపెనీ ఇచ్చినట్టే ఉండాలి, గేరు ముట్టొద్దు, కావాలంటే టైరు ఒక్కటే పెద్దది వేసుకోండి, చూసేదానికి గంభీరంగా ఉంటాది’ అని రాజీ మాట చెప్పే పెద్దలు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. అన్నయ్యా, మీరు గేరు ముట్టకుండానే గేరు మార్చేస్తా ఉన్నారు. 31 అంగుళాల టైరు వేసినాక 5.38 అనేది 4.86 లాగా పని చేస్తాది. పాత లాగుడు మళ్లీ కావాలంటే 5.96 నిష్పత్తి వెతకాలి. అది ఏ అంగడిలో ఉండాదో చూపించండి. పైగా తయారు చేసినవాళ్లు చెప్పిన కొలతలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెప్తాది. 2019 జనవరిలో కేరళ నుంచి పోయిన కేసులో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్సువాళ్లు మొదట చూసేది టైరునే. ఆర్.సి. బుక్కులో ఉండేది సంగం పేరు.

‘ముసలివాళ్లకు కొత్తదంటే భయం’ అని ఒక మాట వినిపించింది. మనం ఉండేది జి.డి. నాయుడు గారి ఊరు. 1920లో ఒక్క బస్సు కొని పొళ్లాచ్చికీ పళనికీ మధ్య తానే నడిపి, మోటారు కంపెనీ పెట్టి, 1937లో ఇక్కడ మోటారు తయారు చేసి చూపించిన మనిషి. ఈ ఊరిలో పుట్టినవాళ్లకు యంత్రమంటే భయం ఉండదు. దేనికోసం మారుస్తా ఉన్నామో చెప్పకుండా మార్చేదే మాకు నచ్చదు.

మార్చాలనే ఉంటే దారి ఉండాది. జాయింటులను ముట్టొద్దు. నాలుగు గేర్ల పెట్టె తీసి ఐదు గేర్ల పెట్టె వేయండి. ఐదోది ఓవర్‌డ్రైవు. లెక్కకు అది 0.8 అనుకుంటే, 5.38 కాస్తా 4.30 లాగా పని చేస్తాది, 3000 చుట్లకు 93 కిలోమీటర్లు వస్తాది. మొదటి గేరు నిష్పత్తి పాతదానికి తగ్గని పెట్టెగా చూసి కొనండి, కొండ లాగుడు అట్లే ఉంటాది, దిగుడు పట్టు అట్లే ఉంటాది. స్పీడు ముల్లు నిజమే చెప్తాది. ముందర వెనక తేడా సమస్యే రాదు. ప్రొపెల్లర్ షాఫ్టుల పొడుగు సరిచేయాలి, పెట్టె కూర్చునే మౌంటింగు మార్చాలి, ఖర్చు ఉంటాది. ఆ ఖర్చుకు మేము చెయ్యెత్తుతాము. ట్రైలరు కట్టినప్పుడు ఐదో గేరు వేయకూడదని డ్యాషుబోర్డు మీద తెలుగులో, తమిళంలో రాసి అంటించాలి, అంతే. మిగిలే డబ్బుతో ట్రైలరుకు బ్రేకు పెట్టించండి. ఈ బ్రేకు మాట మేము మూడేళ్లుగా అడుగుతా ఉన్నాము. పొరుళాలర్ గారు ప్రతిసారీ తల ఊపుతారు, మినిట్సు పుస్తకంలో మాత్రం అది ఎక్కదు.

గేరు పెట్టెకు డబ్బు చాలదంటారా, తిరుపతి యాత్రకు రెండు వ్యాన్లు బాడుగకు తీసుకోండి. ఏడాదికి ఒకసారి కదా. జీపు ఇంట్లో ఉంటాది, ఆ మూడు రోజులు నీళ్ల ట్యాంకు ఆగదు.

మా మాట మీద నమ్మకం లేనివాళ్లకు ఒక పని చెప్తాము. సంతకం పెట్టినవాళ్లలో ఒక తమ్ముడి సొంత జీపుకు ఇప్పటికే 3.73, పెద్ద టైర్లు వేసి ఉండాది. మహాసభకు ముందు ఆదివారం దాన్ని పాలమలై అడివారానికి తీసుకురండి. మన ట్రైలరు దానికి కడదాము, 800 లీటర్లు మేమే నింపుతాము. సగం కొండలో ఒక మలుపులో ఆపి, మళ్లీ బయలుదేరి, గుడి దాకా పోయి చూపించాలి. చూసేదానికి కార్యవర్గమంతా రావాలి. పైన ట్యాంకు మొత్తం గుడి తొట్టిలో వదిలేద్దాము. దిగేటప్పుడు ట్రైలరు మన జీపుకే మార్చి కట్టుకొని దిగుదాము, తాళం మా దగ్గర ఉండాది.